జర్మనీలో ఆర్థిక సలహాదారు: చదువేమిటి, లైసెన్సేమిటి, జీతం ఎవరిస్తారు?

(రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



జర్మనీకి వచ్చి ఆరు నెలలు తిరక్కుండానే మనవాళ్ళలో చాలామందికి ఒక ఫోను వస్తుంది. "అన్నా, ఇక్కడ టాక్సు బాగా పోతోంది కదా, మిగుల్చుకునే దారి ఒకటుంది, అరగంట కాఫీకి కలుద్దామా?" అని. చేసినవారు తెలుగువారే కావచ్చు, ఉత్తరాది వారు కావచ్చు, జర్మనులు కావచ్చు. కార్డు మీద 'ఫినాన్స్‌బెరాటర్' అని ఉంటుంది. అంటే ఆర్థిక సలహాదారు. కాఫీ డబ్బులు ఆయనే ఇస్తారు. సలహాకి రూపాయి తీసుకోరు. రెండోసారి కలిసేసరికి ముప్ఫై ఏళ్ళ ఒప్పందం మీద మన సంతకం పడిపోతుంది.

ఆయన మోసగాడని నేను అనటం లేదు. చాలామంది బుద్ధిగా పనిచేసుకునేవాళ్ళే. కానీ ముప్ఫై ఏళ్ళ ఒప్పందం చేసుకునేముందు మూడు సంగతులు తెలుసుకోవాలి. ఆయన చదువుకున్నదేమిటి? చేతిలో ఉన్న లైసెన్సేమిటి? ఆయన జీతం ఎవరిస్తున్నారు? జర్మనీలో ఈ మూడింటికీ జవాబు కాగితం మీద దొరుకుతుంది. ఆ కాగితం ఎక్కడుందో, దాన్ని ఎలా చూడాలో చెప్పటమే ఇవాళ్టి ప్రసంగం.

ముందే ఒక మాట. నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని, ఆర్థిక సలహాదారుని కాను. ఏ పాలసీ కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. అయితే కన్సల్టింగులో ఉన్నవాళ్ళకి ఒక విషయం బాగా తెలుసు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పార్ట్‌నరుగా ఉండి సలహా చెప్పే కన్సల్టెంటు ఉంటాడు. ఏ కంపెనీతోనూ సంబంధం లేకుండా గంటకింత అని తీసుకుని సలహా చెప్పే కన్సల్టెంటూ ఉంటాడు. ఇద్దరూ తెలివైనవాళ్ళే, ఇద్దరూ నిజమే చెప్పొచ్చు. కానీ మొదటివాడి నోట "మీకు ఈ సాఫ్ట్‌వేరు అక్కర్లేదు" అన్న మాట రావటం కష్టం. డబ్బు సలహాలోనూ అంతే.

పేరు చూసి ఏమీ తెలియదు

జర్మనీలో 'ష్టోయర్‌బెరాటర్' అంటే పన్నుల సలహాదారు. ఆ పేరు పెట్టుకోవాలంటే కఠినమైన రాష్ట్రస్థాయి పరీక్ష పాసవ్వాలి. పాసవ్వకుండా ఆ పేరు వాడితే చట్టం ఊరుకోదు. లాయరు సంగతీ అంతే. కానీ 'ఫినాన్స్‌బెరాటర్' అన్న పేరుకి అటువంటి రక్షణ ఏమీ లేదు. 'వెర్మోగెన్స్‌బెరాటర్', 'ఫినాన్స్‌కోచ్', 'వెల్త్ మేనేజర్' లాంటి పేర్లు చూసి కూడా ఎవరి చదువెంతో చెప్పలేం. కాబట్టి కార్డు మీది పేరు పక్కన పెట్టి లైసెన్సు దగ్గరికి వెళదాం.

వ్యాపారాలకి సంబంధించిన జర్మను చట్టం పేరు 'గెవెర్బె‌ఓర్డ్‌నుంగ్'. అందులో 34వ పారాగ్రాఫు చుట్టూ కొన్ని అక్షరాలున్నాయి. ఈ అక్షరాలు గుర్తుంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

34డి అంటే బీమా. బీమా అమ్మేవాళ్ళకి ఈ లైసెన్సు నిబంధన 2007 మే 22న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వ్యాపారం రిజిస్టరు చేసుకుంటే చాలు, ఎవరైనా బీమా అమ్మొచ్చు. 34ఎఫ్ అంటే మ్యూచువల్ ఫండ్ల లాంటి పెట్టుబడులు, ఇది 2013 జనవరి 1 నుంచి. 34హెచ్ కూడా అవే పెట్టుబడులకి. అయితే కమిషన్ లేకుండా ఫీజు మాత్రమే తీసుకునేవారికి. ఇది 2014 ఆగస్టు 1 నుంచి. 34ఐ అంటే ఇంటి అప్పులు, 2016 మార్చి 21 నుంచి.

చూడండి, ఒకే మనిషికి 34డి ఉండి 34ఎఫ్ లేకపోవచ్చు. అటువంటాయన మీకు ఫండ్లలో పెట్టుబడి అవసరమైనా ఫండును నేరుగా అమ్మలేరు. అమ్మగలిగింది ఫండును లోపల పెట్టుకున్న బీమా పాలసీ మాత్రమే. అందుకే "మీకు ఫండ్ కన్నా ఫండ్ పాలసీయే మంచిది" అన్నారంటే ముందు ఆయన లైసెన్సు చూడాలి. ఆయన చేతిలో సుత్తి ఒక్కటే ఉందేమో! 34ఎఫ్ ఉన్నవారు కూడా విడి షేర్ల మీద సలహా చెప్పకూడదు. అది బ్యాంకుల పని, దాని మీద నిఘా ఆర్థిక పర్యవేక్షణ సంస్థ 'బాఫిన్'ది. ఈ బాఫిన్ 2002 మే 1న మూడు పాత ప్రభుత్వ కార్యాలయాలు కలిపి పెట్టిన సంస్థ.

చదువు ఎంత?

లైసెన్సు కావాలంటే నాలుగు ఉండాలి. ఆర్థిక నేరాల్లో శిక్షపడి ఉండకూడదు. సొంత ఆర్థిక పరిస్థితి సక్రమంగా ఉండాలి. తప్పు సలహా వల్ల నష్టం వస్తే చెల్లించటానికి వృత్తి బీమా ఉండాలి. నాలుగోది, విషయ పరిజ్ఞానం ఉన్నట్టు రుజువు. ఆ రుజువు సాధారణంగా ఐహెచ్‌కె, అంటే వాణిజ్య మండలి, పెట్టే పరీక్ష. అందులో రాతపరీక్షతో పాటు ఒక నాటకం కూడా ఉంటుంది. పరీక్షకుడు కస్టమరులాగా కూర్చుంటాడు, అభ్యర్థి ఆయనకి సలహా చెప్పి చూపించాలి.

ఈ పరీక్షకి మూడేళ్ళ చదువేమీ తప్పనిసరి కాదు. కొన్ని నెలలు కూర్చుని చదివితే రాయొచ్చు. దీనికి పైన ఇంకా మెట్లున్నాయి. బ్యాంకులోనో బీమా కంపెనీలోనో మూడేళ్ళు పనిచేస్తూ చదివే 'అవుస్‌బిల్డుంగ్' ఒకటి. దాని పైన 'ఫాఖ్‌విర్ట్' అనే ఉన్నత పరీక్ష. ఇంకా పైన విశ్వవిద్యాలయ చదువు, అంతర్జాతీయంగా చెల్లే సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్ అర్హత. బీమా అమ్మేవాళ్ళు ఏడాదికి కనీసం 15 గంటలు కొత్త శిక్షణ తీసుకోవాలని 2018 నుంచి నిబంధన ఉంది.

కాబట్టి "ఏం చదువుకున్నారండీ?" అని అడగటం మర్యాద తక్కువేమీ కాదు. డాక్టరు గది గోడ మీద సర్టిఫికెట్టు చూస్తాం కదా, ఇదీ అంతే. పైగా జర్మనీలో దీన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు.

ఆయన ఎవరి మనిషి?

చదువు కన్నా పెద్ద ప్రశ్న ఇది. 34డి ఒక్కదానిలోనే మూడు రకాల మనుషులున్నారు. బయటికి ముగ్గురూ ఒక్కలాగే కనిపిస్తారు.

మొదటివారు 'ఫెర్‌ట్రేటర్', అంటే బీమా కంపెనీ ప్రతినిధి. మన ఎల్.ఐ.సి. ఏజెంటుగారు ఉన్నారే, ఆ కోవ. కంపెనీ తరఫు మనిషి. వీరిలో ఎక్కువమందికి సొంత లైసెన్సు ఉండదు, కంపెనీయే వాళ్ళ పూచీ తీసుకుంటుంది. ఇందులో తప్పేమీ లేదు. ఏ కంపెనీకి ప్రతినిధో మనకి తెలిస్తే చాలు.

రెండోవారు 'మాక్లర్', అంటే బ్రోకరు. చట్టం దృష్టిలో ఈయన మన తరఫు మనిషి. 1985 మే 22న జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం బ్రోకరు కస్టమరు ప్రయోజనాలు కాపాడవలసినవాడని తీర్పు చెప్పింది. మార్కెట్లో ఉన్న పాలసీల్లో తగినన్ని పరిశీలించి మరీ సలహా చెప్పాలి. కానీ ఒక మెలిక ఉంది. ఈయన మన మనిషే అయినా డబ్బు మాత్రం బీమా కంపెనీ నుంచి వస్తుంది. ఆడపెళ్ళివారి తరఫున మాట్లాడే పెళ్ళిళ్ళ పేరయ్యకి మగపెళ్ళివారు సంభావన ఇచ్చినట్టు.

మూడోవారు 'ఫెర్‌జిషెరుంగ్స్‌బెరాటర్', అంటే అచ్చమైన బీమా సలహాదారు. ఈయన కంపెనీల నుంచి కమిషన్ తీసుకోకూడదు. మనమే ఫీజు ఇవ్వాలి. పెట్టుబడుల్లో 34హెచ్ వారూ ఇలాగే. ఈ ఫీజు సలహాదారులు దేశం మొత్తం మీద వందల్లోనే ఉంటే, కమిషన్ మీద పనిచేసే 34ఎఫ్ వారు పదివేలల్లో ఉన్నారు. మనకి ఎదురుపడేవారు ఎవరో ఊహించుకోవచ్చు.

బ్యాంకుకి వెళ్ళినా పెద్ద తేడా ఉండదు. కౌంటరు వెనక కూర్చున్న సలహాదారుకి జీతం బ్యాంకుదే, ఆయన చూపించేవి ఎక్కువగా బ్యాంకు అమ్మదలచినవే.

ఇంగ్లండులో పెట్టుబడి సలహాకి కమిషన్ తీసుకోవటం 2012 చివరి నుంచి ఆపేశారు. నెదర్లాండ్స్‌లోనూ ఆ తరవాత ఆగింది. మన దేశంలోనూ మ్యూచువల్ ఫండు కొనేటప్పుడు ముందుగా కోసుకునే ఎంట్రీ లోడును సెబీ 2009 ఆగస్టు 1 నుంచి తీసేసింది. జర్మనీలో అటువంటి నిషేధం లేదు. ఎవరి నుంచి ఎంత వస్తోందో చెప్పించే దారి మాత్రమే పట్టారు. అందుకని మనం అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా.

ఉచితం ఖరీదు ఎంత?

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. మ్యూనిక్‌లో పనిచేసే ఒక అమ్మాయి నెలకి 200 యూరోల చొప్పున 30 ఏళ్ళకి ప్రైవేటు పెన్షన్ పాలసీ తీసుకుందనుకోండి. మొత్తం కట్టబోయేది 72,000 యూరోలు. కమిషన్ లెక్క నెలవారీ 200 మీద కాదు, ఈ 72,000 మీద వేస్తారు. పాలసీ చేయించిన ఖర్చు కింద ముందుగా లెక్కలోకి తీసుకోదగ్గ గరిష్ఠ పరిమితి 2015 జనవరి నుంచి వెయ్యికి 25. అంతకుముందు వెయ్యికి 40 ఉండేది. 72,000కి వెయ్యికి 25 చొప్పున 1,800 యూరోలు.

ఆ 1,800ని కనీసం మొదటి ఐదేళ్ళ మీద పరచాలని 2008 నుంచి చట్టం చెబుతోంది. అరవై నెలలకి పంచితే నెలకి 30. అంటే ఐదేళ్ళ పాటు ఆ అమ్మాయి కట్టే ప్రతి 200లో 30 యూరోలు పాలసీ చేయించిన ఖర్చుకే పోవచ్చు. నిర్వహణ ఖర్చులు వేరే. రెండేళ్ళకే ఇండియా వెళ్ళిపోయి పాలసీ రద్దు చేసుకుంటే, కట్టిన 4,800లో 720 యూరోలు ఈ ఒక్క ఖాతాలోనే పోయినట్టు.

ఇప్పుడు పక్కన ఫీజు సలహాదారుని పెట్టి చూద్దాం. గంటకి 200 యూరోలు, ఐదు గంటల పని అనుకుంటే 1,000 యూరోలు. వినటానికి గుండె ఝల్లుమంటుంది. మనం చేతితో ఇచ్చే డబ్బు కదా! కమిషన్ మాత్రం కంటికి కనపడదు, అందుకే నొప్పి తెలియదు. కమిషన్ కలపని పాలసీలు కూడా ఇక్కడ ఉన్నాయి, వాటిని 'నెట్టో' పాలసీలంటారు. ఫీజు సలహాదారులు చూపించేవి ఎక్కువగా ఇవే. అయితే నెలకి 25 యూరోలు దాచుకునేవారికి 1,000 యూరోల ఫీజు దండగే. ఎంత డబ్బు, ఎన్నేళ్ళు అన్నది చూసి లెక్క వేసుకోవాలి.

ఫండ్ల సంగతి. బ్యాంకులో ఈక్విటీ ఫండు కొంటే ప్రవేశ రుసుము 5 శాతం వరకు ఉండటం మామూలు. అలాంటి ఫండుకి 10,000 యూరోలు కడితే 9,524 యూరోలకే యూనిట్లు వస్తాయి. పైగా ఏటా ఫండు ఖర్చుల్లోంచి అమ్మినవారికి కొంత వెళుతూనే ఉంటుంది.

ప్రైవేటు ఆరోగ్య బీమాలో ఒక ఒప్పందానికి కమిషన్ 9.9 నెలల ప్రీమియం దాటకూడదని 2012 నుంచి పరిమితి ఉంది. నెలకి 600 యూరోల పాలసీ మీద పరిమితి 5,940 యూరోలు. అందరూ అంత తీసుకుంటారని కాదు. కానీ పరిమితే అంతుంటే, "ప్రభుత్వ బీమా వదిలి ప్రైవేటుకి మారండి" అన్న సలహా వెనకాల ఎంత బరువుందో తెలుసుకోవాలి. మారాక 55 ఏళ్ళు దాటితే తిరిగి ప్రభుత్వ బీమాలోకి రావటం చాలా కష్టం. పిల్లలు పుడితే ఒక్కొక్కరికీ విడిగా ప్రీమియం. ఈ రెండు మాటలూ చెప్పకుండా మొదటి నెల ఆదా మాత్రమే చూపిస్తే అది సగం సలహా.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పాలసీని ఐదేళ్ళలోపు రద్దు చేస్తే, జీవిత బీమాలోనూ ప్రైవేటు ఆరోగ్య బీమాలోనూ అమ్మినవారు కమిషన్‌లో కొంత వెనక్కి ఇవ్వాలి. అందుకే రద్దు చేస్తానంటే ఫోన్లు ఎక్కువవుతాయి. ఐదేళ్ళు దాటాక ఆ భయం ఉండదు. సరిగ్గా ఆరో ఏడు "పాతది ఆపేసి కొత్తది తీసుకోండి" అన్న సలహా వస్తే, ఎందుకు ఇప్పుడే వచ్చిందో అడగండి. నిజమైన కారణం ఉండొచ్చు కూడా. ఆ కారణాన్ని కాగితం మీద పెట్టమనండి.

ఇక్కడ కమిషన్‌లో కొంత కస్టమరుకి ఇవ్వటం కూడా కుదరదు, కొన్ని మినహాయింపులు తప్ప. మన దేశంలోనూ 1938 బీమా చట్టం 41వ సెక్షను అదే చెబుతుంది. మొదటి ప్రీమియం ఏజెంటుగారే కట్టేస్తారన్న మాట మన ఊళ్ళలో విన్నవాళ్ళు ఇక్కడ దాన్ని ఆశించకండి.

మంచి సలహాదారు పద్ధతి ఎలా ఉంటుంది?

1993 జులై 6న ఇదే న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. దాన్ని 'బాండ్' తీర్పు అంటారు. జేమ్స్ బాండ్ కాదండోయ్, ఆస్ట్రేలియా వ్యాపారి అలన్ బాండ్. ఆయన గ్రూపు రుణపత్రాలు ఒక బ్యాంకు సలహా మీద కొని నష్టపోయినవారి కేసు. సలహా రెండు విధాలుగా సరిపోవాలని కోర్టు చెప్పింది. ఒకటి, మనిషికి సరిపోవాలి: అతని జ్ఞానం, లక్ష్యం, భరించగల నష్టం. రెండు, వస్తువు గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి: దాని ప్రమాదాలేమిటో. ఈ రెండు మాటలే ఈ వృత్తికి గీటురాయి.

2008 సెప్టెంబరులో అమెరికాలో లీమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు, దాని సర్టిఫికెట్లు కొన్న వేలాది జర్మను కుటుంబాలు నష్టపోయాయి. కొన్నది ఊళ్ళోని బ్యాంకులోనే, అలవాటైన సలహాదారు దగ్గరే. ఆ తరవాత 2010 జనవరి 1 నుంచి బ్యాంకులు పెట్టుబడి సలహాని కాగితం మీద రాసి ఇవ్వాలన్నారు. 2018 జనవరి 3 నుంచి దాని స్థానంలో, ఈ సలహా మీకు ఎందుకు సరిపోతుందో వివరించే పత్రం ఇవ్వాలి. 34ఎఫ్ వారికి ఆ నియమం 2020 ఆగస్టు 1 నుంచి వచ్చింది. బీమాలోనూ సలహా చెప్పిన తీరు రాసి ఇవ్వాలి. కానీ అక్కడ ఒక కిటుకు ఉంది. "నాకు సలహా అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు" అని మన చేత సంతకం పెట్టించుకునే వీలుంది. ఆ కాగితం పేరులో 'ఫెర్‌త్సిష్ట్' అన్న మాట ఉంటుంది, అంటే వదులుకోవటం. జర్మను రాకపోయినా ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అది కనపడితే కలం కింద పెట్టండి.

మంచి సలహాదారు మొదటి గంటలో ఏ పాలసీ పేరూ ఎత్తరు. ప్రశ్నలే అడుగుతారు. మనవాళ్ళని అయితే ఇలా అడగాలి. వీసా ఏ రకం, ఎప్పటిదాకా? ఇక్కడే ఉండిపోతారా, వెళ్ళిపోతారా, ఇంకా తేలలేదా? ఊళ్ళో అమ్మానాన్నలకి నెలనెలా ఎంత పంపిస్తారు? హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు మీద అప్పుందా? చెల్లి పెళ్ళి బాధ్యత ఉందా? ఇండియాలో ఎన్.ఆర్.ఇ. డిపాజిట్లున్నాయా? ఆ వడ్డీకి అక్కడ పన్ను లేకపోయినా ఇక్కడ నివసించేవారు జర్మనీలో చూపించాల్సిందే. ఈ చివరి ప్రశ్నకి జవాబు విని, "ఇది ష్టోయర్‌బెరాటర్‌ని అడగండి, నా పరిధి కాదు" అన్నారంటే ఆయన మీద గౌరవం పెంచుకోవచ్చు. తన గిరి ఎక్కడిదాకా ఉందో తెలిసినవారు.

తిరిగి వెళ్ళేవాడి లెక్క వేరు

జర్మనులకి రాసిన పద్ధతులు మనకి యథాతథంగా సరిపోవు. ఉదాహరణకి 2005లో మొదలైన 'బాజిస్‌రెంటె', జనం నోట్లో 'రూరుప్' పెన్షన్. పన్ను బాగా తగ్గుతుంది, నిజమే. కానీ రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకోవటం కుదరదు. 2012 నుంచి చేసుకున్న ఒప్పందాల్లో 62 ఏళ్ళకి ముందు చేతికి రాదు. ఆ తరవాత కూడా నెలనెలా పెన్షన్‌గానే. నాలుగేళ్ళ తరవాత ఊరికెళ్ళి ఇల్లు కట్టుకుందామనుకునేవారికి ఈ డబ్బు అక్కరకి రాదు. 2002లో మొదలైన 'రీస్టర్' పద్ధతిలో ప్రభుత్వం సాయం ఇస్తుంది. యూరపు దాటి ఇండియా వెళ్ళి స్థిరపడితే ఆ సాయం తిరిగి కట్టవలసి వస్తుంది.

ఇవి చెడ్డ పథకాలని కాదు. ఇక్కడే స్థిరపడేవారిలో కొందరికి బాగా పనికొస్తాయి. "వెళ్ళిపోతే ఏమవుతుంది?" అన్న ప్రశ్న సలహాదారే ముందు ఎత్తారా, లేక మనం అడిగితే దాటవేశారా, అది గమనించాలి.

ప్రభుత్వ పెన్షన్ గురించి కూడా ఫోన్లలో చాలా అంటారు, "అది ఎలాగూ మనకి రాదు" అని. తొందరపడి నమ్మకండి. భారతదేశానికీ జర్మనీకీ సామాజిక భద్రత ఒప్పందం 2017 మే 1 నుంచి అమల్లో ఉంది. దీనికోసం ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. 'డాయిచె రెంటెన్‌ఫెర్‌జిషెరుంగ్' వాళ్ళే ఉచితంగా సలహా చెబుతారు, వాళ్ళకి అమ్మవలసిన పాలసీ ఏదీ లేదు.

మనవాడే కదా!

అసలు ఇబ్బంది ఇక్కడుంది. గుళ్ళోనో క్రికెట్ మైదానంలోనో కలిసిన అన్నయ్యని "మీ లైసెన్సు చూపించండి" అని ఎలా అడుగుతాం? మొహమాటం. ఇల్లు వెతకటంలో సాయం చేసుంటారు, ఔస్‌లెండర్ ఆఫీసు ఉత్తరం అర్థం చెప్పుంటారు. ఆ రుణం సంతకంతో తీర్చుకుంటాం.

గౌరవంగల ముఖాన్ని ముందు పెట్టి అమ్మటం ఇక్కడివాళ్ళకీ కొత్త కాదు. 1960లలో బెర్నీ కార్న్‌ఫెల్డ్ అనే ఆయన 'ఐ.ఓ.ఎస్.' అన్న ఫండ్ల కంపెనీ నడిపాడు. దాని జర్మను శాఖకి పెద్దగా ఎరిష్ మెండె కూర్చున్నాడు. అంతకు కొద్దికాలం ముందు దేశానికి ఉప ఛాన్సలరుగా చేసినాయన! ఆయన పేరు చూసి జనం డబ్బు పెట్టారు. 1970లో ఆ కంపెనీ కుప్పకూలింది.

కొన్ని సంస్థల్లో అమ్మకం మెట్లు మెట్లుగా ఉంటుంది. కింద చేరినవాడు అమ్మితే పైవాడికీ వాటా. మన ఊళ్ళో గొలుసుకట్టు మోసాలకీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ అమ్మేది నిజమైన పాలసీయే, వ్యాపారం చట్టబద్ధమే. కానీ చేరిన కొత్తవాడు మొట్టమొదట అమ్మేది తన స్నేహితులకి. మిమ్మల్నే చేరమని అడిగితే ఒకటి గుర్తుంచుకోండి. బ్లూ కార్డు లాంటి ఉద్యోగ వీసాల మీద ఉన్నవారు పక్కన సొంత వ్యాపారం చెయ్యాలంటే ముందు ఔస్‌లెండర్ ఆఫీసు అనుమతి కావాలి.

మొహమాటం పోవటానికి చట్టమే ఒక దారి చూపించింది. బీమా అమ్మేవారు మొదటి కలయికలోనే మనకి ఒక కాగితం ఇవ్వాలి. పేరు 'ఎర్స్ట్‌ఇన్ఫర్మాట్సియోన్', మొదటి సమాచారం. అందులో ఆయన ప్రతినిధా, బ్రోకరా, సలహాదారా అన్నదీ, రిజిస్టరు నంబరూ, డబ్బు ఎలా వస్తుందన్నదీ ఉండాలి. "అన్నయ్యా, ఆ మొదటి కాగితం పంపించండి, చూసుకుని కలుద్దాం" అంటే చాలు. అనుమానించినట్టు ఉండదు. ఇవ్వటం ఆయన విధి.

నంబరు వచ్చాక 'ఫెర్మిట్లర్‌రెగిస్టర్ డాట్ ఇన్ఫో' అనే వెబ్‌సైటులో వెతకండి. వాణిజ్య మండలుల సమాఖ్య నడిపే పబ్లిక్ రిజిస్టరు అది. డబ్బు కట్టక్కర్లేదు, రెండు నిమిషాల పని. పేరు అందులో లేకపోతే బ్యాంకు ఉద్యోగేమో కనుక్కోండి, వాళ్ళు ఈ రిజిస్టరులో ఉండరు. బ్యాంకూ కాదు, రిజిస్టరులోనూ లేరు అంటే అక్కడితో మాట ఆపేయండి.

కలిసినప్పుడు అడగవలసినవి ఐదే. ఒకటి, మీ లైసెన్సు ఏ అక్షరం? రెండు, ఈ ఒప్పందం మీద మీకు ఎంత వస్తుంది, యూరోలలో? మూడు, రెండేళ్ళకి, ఐదేళ్ళకి ఆపేస్తే నా చేతికి ఎంత? నాలుగు, నేను ఇండియా వెళ్ళిపోతే ఏమవుతుంది? ఐదు, ఇదంతా రాసిస్తారా? నిజాయితీగల సలహాదారుకి ఈ ఐదూ పది నిమిషాల పని. మూడో ప్రశ్న జవాబు పాలసీ పత్రాల్లో పట్టికగా ఉంటుంది, ఆ పేజీ తీసి చూపించమనండి.

సంతకం అయిపోయాక సందేహం వస్తే భయపడకండి. మామూలు బీమాకి 14 రోజులు, జీవిత బీమా, పెన్షన్ పాలసీలకి 30 రోజులు వెనక్కి తీసుకునే హక్కుంది. కారణం చెప్పక్కర్లేదు. రెండో అభిప్రాయం కావాలంటే ప్రతి రాష్ట్రంలోనూ 'ఫెర్‌బ్రౌహర్‌త్సెంట్రాలె' అనే వినియోగదారుల కేంద్రం ఉంది, కొద్ది ఫీజుకి పాలసీ చూసి చెబుతారు. 1964లో పెట్టిన 'ష్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్' సంస్థ 1991 నుంచి 'ఫినాన్స్‌టెస్ట్' పత్రిక నడుపుతోంది. గ్రంథాలయాల్లో దొరుకుతుంది. బీమా కంపెనీతో గొడవ వస్తే బెర్లిన్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. మనకి ఖర్చు లేదు. 10,000 యూరోల వరకు అక్కడి తీర్పుకి సభ్య కంపెనీ కట్టుబడాలి.

ఇంటి బాధ్యత బీమా, పనిచేయలేని పరిస్థితి వస్తే ఆదుకునే బీమా లాంటివి నిజంగా అవసరమైనవి. వాటిని సరిగ్గా కుదిర్చిపెట్టే సలహాదారు మనకి మేలు చేసినవారే. కమిషన్ తీసుకున్నా సరే. ఆయన కష్టానికి డబ్బు రావాలి. అది ఎవరి జేబులోంచి, ఎంత, ఏ పనికి వెళుతోందో మనకి తెలిసుండాలి, అంతే.

ఈ వారం ఇంట్లో ఉన్న పాలసీ కాగితాలు ఒకసారి బయటికి తీసి, సలహాదారు పేరు పక్కన 'డి' అక్షరంతో మొదలయ్యే రిజిస్టరు నంబరు ఉందో లేదో చూసుకోండి. ఉంటే రిజిస్టరులో కొట్టి చూడండి.